ఆర్గానిక్ పాలు సరే, చెక్క ఎక్కడిది?

మా చెల్లెలి కొడుకుకు మొన్ననే ఏడాది నిండింది. ఇక ఆవుపాలు కూడా పట్టవచ్చని డాక్టరు చెప్పారట. ఆ సాయంత్రమే అనంతపురం నుంచి ఫోను చేసింది. ‘అన్నా, మా వీధిలోకి గాజు సీసాల్లో ఆర్గానిక్ పాలు వస్తున్నాయి. లీటరు నూట పదిహేను. ప్యాకెట్ పాలేమో అరవై ఐదు. పిల్లవాడి విషయం కదా, అవే పోయించుకోమంటావా?’

రోజుకు అర లీటరు వాడినా నెలకు 750 రూపాయలు అదనం. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే ఆ డబ్బుకు నూరు గుడ్లకు పైగా వస్తాయి. మధ్యతరగతి ఇంట్లో ఇది చిన్న లెక్క కాదు. అందుకే అప్పటికప్పుడు ఏ మాటా చెప్పలేక, చూసి చెబుతానన్నాను.

ఆర్గానిక్ పాలలో పోషకాలు ఎక్కువని చెప్పేవారు చూపే ఆధారం ఒకటుంది. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతకుముందు వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి చూసి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఆర్గానిక్ పాలలో ఒమేగా-3 కొవ్వులు దాదాపు సగం మేర ఎక్కువని తేలింది. అయోడిన్, సెలీనియం మాత్రం మామూలు పాలలోనే ఎక్కువ. ఒమేగా-3 పెరగడానికి కారణం ఆవులు బయట తిరిగి పచ్చగడ్డి మేయడం. యూరప్ పచ్చిక బయళ్లలో అది కుదురుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురంలో పశువు పచ్చిక మేసేది ఎన్నాళ్లు? మిగతా కాలమంతా వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, లారీల్లో వచ్చే వరిగడ్డి, పైన ఇంత తౌడు, చెక్క (వేరుశనగ నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి). కాబట్టి ఆ అధ్యయనాన్ని చూపి ఇక్కడి సీసాకు యాభై రూపాయలు ఎక్కువ అడగడం నాకు న్యాయంగా తోచలేదు.

తర్వాతి ఆదివారం ఆ డెయిరీకి వెళ్లాను. ఊరి బయట, బోరు కింద మూడెకరాలు. పశువుల పాక శుభ్రంగా ఉంది. సూపర్ నేపియర్ గడ్డికి పేడ ఎరువు తప్ప యూరియా చల్లరు. యజమాని దాపరికం లేని మనిషి, అడిగినదల్లా చూపించారు. చెక్క ఎక్కడిదని అడిగితే నూనె మిల్లు నుంచి తెప్పిస్తామన్నారు. మూలన బండల మీద, గోడకు ఆనించి సంచులు పేర్చి ఉన్నాయి. సగం వాడిన ఒక సంచిలో చేయి పెట్టి చూశాను. పైన పొడిగానే ఉంది. అడుగున చెమ్మ తగిలింది, గడ్డ కట్టిన ముక్క ఒకటి చేతికొచ్చింది. విరిస్తే లోపల ఆకుపచ్చని నూగు, ముక్కిన వాసన. ‘మొన్న జల్లు కొట్టింది సార్, ఆ మూట తీసేయాలి’ అన్నారాయన. ఆ సంచిలో సగం అప్పటికే ఆవుల కడుపులోకి వెళ్లింది.

పాల గురించి మా జిల్లా భయపడవలసింది ఆ ఆకుపచ్చని నూగుకే. అది ఆస్పర్జిల్లస్ జాతి బూజు కావచ్చు. దానిలోని కొన్ని రకాలు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే ఈ బూజు భూమిలోనే వేరుశనగ కాయలోకి చేరుతుంది. చివరి తడికి నోచుకోని పైరు మనకు కొత్తా? ఏరివేతలో పోయిన ముడుచుకున్న పప్పు, పుచ్చు పప్పు నూనె మిల్లుకు చేరుతాయి. నూనె తీశాక విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలలో ఒక్క రోజులోనే అఫ్లటాక్సిన్ ఎమ్1 కనిపిస్తుంది. కాలేయానికి చేటు చేసే పదార్థమిది. ఎంతసేపు మరగకాచినా పోదు. ఊరట ఒకటే, ఆ చెక్క ఆపితే కొద్ది రోజుల్లో పాలు మళ్లీ శుభ్రపడతాయి.

ఇది ఊహాగానం కాదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. కల్తీ వల్ల ప్రమాదకరమని తేలినవి 12. పరిమితికి మించి అఫ్లటాక్సిన్ ఉన్నవి 368. అవి కూడా విడి పాలలో కంటే శుద్ధి చేసిన పాలలోనే ఎక్కువ. యూరియా, డిటర్జెంట్ అని మనం బెదిరిపోతుంటాం గానీ, అసలు గండం దాణా సంచిలో ఉంది. బూజుకు ఆర్గానిక్ చెక్క, మామూలు చెక్క అన్న తేడా లేదు. తడి తగిలితే రెండింటికీ పడుతుంది.

ఆర్గానిక్ అన్న మాటకు చట్టంలో అర్థం ఉంది. 2017 నిబంధనల ప్రకారం ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) లేదా పీజీఎస్-ఇండియా (రైతు బృందాలు ఒకరినొకరు తనిఖీ చేసుకునే పద్ధతి) ధ్రువీకరణ ఉండాలి, సీసా మీద ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు ఉండాలి. పశువు తినే మేతలో అధిక భాగం కూడా ఆర్గానిక్‌దే కావాలి. విత్తనశుద్ధి మందుతో మొదలయ్యే మన వేరుశనగ సాగులో ఆర్గానిక్ చెక్క ఎన్ని మిల్లుల్లో దొరుకుతుంది? ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలతో, నేరుగా ఇళ్లకు పోసే చిన్న రైతుకు ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది, ఆ గుర్తు వాడే హక్కు మాత్రం లేదు. లీటరు నూరు రూపాయల లెక్కన అది రోజుకు 33 లీటర్లు. మూడు వీధులకు వ్యానులో పాలు పోసే డెయిరీ ఆ గీత ఎప్పుడో దాటి ఉంటుంది. మా చెల్లెలు చూపిన సీసా మీద ఏ గుర్తూ లేదు, ఆకు బొమ్మ మాత్రం ఉంది.

ఆర్గానిక్ పద్ధతి ఊరికే పోదు, ఒక చోట నిజంగా మేలు చేస్తుంది. పొదుగువాపు వస్తే ఆవుకు యాంటీబయాటిక్ సూది వేస్తారు, ఆ తర్వాత కొన్ని రోజుల పాలు అమ్మకూడదు. రోజుకు పది లీటర్ల పాలు పారబోయాలంటే ఏ రైతుకైనా ప్రాణం ఉసూరుమంటుంది. అదే 2018 సర్వేలో 77 నమూనాల్లో ఆ మందుల అవశేషాలు పరిమితి దాటాయి. నిజమైన ధ్రువీకరణ ఉన్నచోట ప్రతి సూదికీ పుస్తకంలో లెక్క ఉంటుంది. ఆ పుస్తకం చూపించగలిగిన డెయిరీకి యాభై రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి నేను వెనుకాడను.

మా చెల్లెలు చివరికి వెనక వీధిలో రెండు ఆవులున్న రైతు దగ్గర, లీటరు డెబ్బై ఐదుకు పోయించుకుంటోంది. ముందు వెళ్లి సంచులు చూసి వచ్చింది. ఆయన చెక్క వారానికి సరిపడా మాత్రమే కొని అటక మీద పెడతారు, ముసురు పట్టిన రోజుల్లో తౌడుతోనే సరిపెడతారు. పాలు పొంగాక ఇంకాసేపు కాచి, పిల్లవాడికి పడుతోంది. మిగిలిన డబ్బు గుడ్లకు పోతోంది.

డెయిరీ యజమానికి నేను చూసిందీ తెలిసిందీ ఫోనులో చెప్పాను. కోపగించుకోలేదు. సంచుల కింద పలకలు వేయిస్తానన్నారు. కొనేముందు చెక్కను పరీక్ష చేయించమన్నాను. ‘ఎక్కడ చేస్తారు సార్? పాల కేంద్రంలో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలోని మిగతా ఘనపదార్థం) చూసి డబ్బు లెక్క కడతారు. ఈ విషం సంగతి ఎవరు చూస్తారు?’ అని అడిగారు. ఈ విషాన్ని నిమిషాల్లో తేల్చే పరీక్ష పట్టీలు మార్కెట్లో ఉన్నాయి. వేరుశనగ మీద బతికే జిల్లాలో ప్రతి మార్కెట్ యార్డులో, ప్రతి పాల సేకరణ కేంద్రంలో అవి ఉంచమని పశుసంవర్ధక శాఖకు ఉత్తరం రాస్తున్నాను. దాని మీద ఆయన కూడా సంతకం పెడతానన్నారు.