అచ్చులో లేదు, అందుకే అమోఘం

తెలుగులో చదివేవాళ్లు లేరని ప్రచురణకర్తలు, చదివినా అభిప్రాయం చెప్పరని రచయితలు ఎన్నాళ్లుగానో వాపోతున్నారు. మొదటి ఫిర్యాదు మీద వ్యాఖ్యానించే అర్హత నాకు లేదు. రెండోది మాత్రం శుద్ధ అబద్ధమని సవినయంగా మనవి చేస్తున్నాను. ఈ గడ్డ మీద వానలకు కరువొచ్చింది, కాగితానికి కరువొచ్చింది, అభిప్రాయాలకు ఏనాడూ రాలేదు. పైగా అందరూ చదివిన పుస్తకం మీద కన్నా ఎవరూ చూడని పుస్తకం మీద మనవాళ్ల అభిప్రాయాలు మరింత నిక్కచ్చిగా ఉంటాయి. ఉండవూ మరి? అందరికీ తెలిసినదాని గురించి నోరు జారితే పక్కవాడు పట్టేసుకుంటాడు. ఎవరికీ తెలియనిదాని గురించి మాట్లాడేటప్పుడు మనిషికి దొరికే భావప్రకటనా స్వేచ్ఛ రాజ్యాంగం కూడా ఇవ్వలేదు.

మన సాహిత్య విమర్శలో అత్యున్నత బిరుదు 'మహాకావ్యం' కాదు, 'ఆణిముత్యం' అంతకన్నా కాదు. "ఇప్పుడు దొరకదండీ." అంతే. ఈ మాట అనే పద్ధతి ఒకటుంది. కళ్లద్దాలు తీయాలి. ఒక్క క్షణం పైకప్పు వంక చూడాలి. తల అడ్డంగా రెండుసార్లు ఊపి, ఎవరో దగ్గరి బంధువు పోయినట్టు గొంతు తగ్గించి అనాలి. ఆ తర్వాత ఆ పుస్తకంలో ఏముందని అడిగేవాడు ఉండడు. దొరకదని చెప్పాక ఏముందని అడగడం పరామర్శకు వెళ్లి ఆస్తి వివరాలు అడగడం లాంటిది.

ఇలా నిశ్చింతగా సాగుతున్న సాహిత్య లోకంలోకి అప్పుడప్పుడూ ఒక దుర్మార్గుడు ప్రవేశిస్తాడు. పాత ప్రతి ఎక్కడో సంపాదించి, కూర్చుని టైపు చేయించి, ప్రూఫులు రెండుసార్లు దిద్ది, చేతి డబ్బు పెట్టి మళ్లీ అచ్చు వేస్తాడు. ఒకప్పుడు వెయ్యి కాపీలు వేసేవారు. ఇప్పుడు జ్ఞానోదయమై మూడొందలతో ఆపుతున్నారు. అచ్చయిన మర్నాడే పుస్తకం పరువు పోతుంది. నిన్నటిదాకా దాని కోసం కన్నీళ్లు పెట్టుకున్న పెద్దమనిషే ఇవాళ "ఆఁ, వచ్చిందటగా, తీసుకోవాలి" అంటాడు. ఈ 'తీసుకోవాలి' అన్న క్రియకు భవిష్యత్తే తప్ప వర్తమానం లేదు. ఎదురుగా పెడితే అభిప్రాయాలు మారతాయి. అట్ట బాలేదు. అక్షరాలు మరీ చిన్నవి. నూట యాభయ్యా! పాత ముద్రణలో ఆ కాగితం, ఆ వాసన వేరండీ. కనుక, సాహిత్యానికి అసలు శత్రువు చదవనివాడు కాదు, పునర్ముద్రించేవాడు అన్నది నా స్థిరాభిప్రాయం.

కొన్ని దృష్టాంతాలు చూద్దాం.

కుతుబ్‌షాహీల కాలపు కవి మరింగంటి సింగరాచార్యుల 'దశరథరాజనందన చరిత్ర' ఒకటుంది. నిరోష్ఠ్య కావ్యం. అంటే ప, ఫ, బ, భ, మ అనే పెదవుల అక్షరాలు పద్యాల్లో ఎక్కడా రానివ్వకుండా రాసినది. రాసినదేమో రామకథ. రాముడి పేరులోనే 'మ' ఉంది. లక్ష్మణుడిలో ఉంది. భరతుడు మొదటి అక్షరంలోనే పోయాడు. హనుమంతుడు అనే వీలు లేదు, ఆంజనేయుడు అంటే సరి. అందుకే పేరు కూడా చూడండి, దశరథరాజనందన చరిత్ర. పెదవి పెదవికి తగలకుండా పలకొచ్చు, కావాలంటే ఇప్పుడే ప్రయత్నించండి. పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని కూడా పారాయణ చేసుకోదగిన రామాయణం ప్రపంచంలో ఇంకే భాషకైనా ఉందో లేదో పరిశోధకులు తేల్చాలి. ఇంత కష్టం మీద పాఠకుల అభిప్రాయం ఏమిటి? "ఎందుకండీ ఇదంతా?" మంచి ప్రశ్నే. కాకపోతే అడిగినవారు ఆ పూట మూడు గంటలసేపు ఫోనులో రంగురంగుల మిఠాయిలు వరసపెట్టి పేల్చి లేచారు.

పొన్నిగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర' గతి ఇంకొంచెం మేలు. సంస్కృతం ముక్క తగలకుండా రాసిన తొలి అచ్చతెలుగు కావ్యంగా దానికి పేరుంది. దీని మీద ఎవరిని కదిపినా ఒకే జవాబు: "ప్యూర్ తెలుగు సార్, సూపర్!" అచ్చతెలుగును రక్షించి తీరాలని సభల్లో బల్ల గుద్దేవారికి ఇది చాలా ఇష్టమైన పేరు. అయితే ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్న ప్రభువు పటాన్‌చెరు అమీన్‌ఖాన్ అని ఎవరైనా గుర్తుచేస్తే బల్ల గుద్దే చెయ్యి కాసేపు గాల్లోనే నిలబడుతుంది. ఆ తర్వాత మంచినీళ్లు తాగుతారు. ఆ తర్వాత వేరే కావ్యం గురించి మాట్లాడతారు.

తొలి నవల గొడవ మీకు తెలిసిందే. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన 'శ్రీరంగరాజ చరిత్ర'దా ఆ గౌరవం, 1878లో వెలువడడం మొదలైన కందుకూరి 'రాజశేఖర చరిత్రము'దా? రెండు పక్షాలవారూ ఒకే వేదిక మీద మధ్యాహ్నం భోజనం దాకా వాదించుకోగలరు. మధ్యలో ఎవరైనా లేచి మొదటి నవలలో నాయిక పేరేమిటి అని అడిగితే మాత్రం సభాధ్యక్షులు సమయాభావం ప్రకటిస్తారు. 'సోనాబాయి పరిణయం' అని ఆ పుస్తకానికి ఇంకో పేరు కూడా ఉందని మనవి. అట్ట చదివినా చాలేది.

కొమర్రాజు లక్ష్మణరావు గారి 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం' మీద పాఠకలోకానిది న్యాయమైన అసంతృప్తి. మూడు పెద్ద సంపుటాలు తెచ్చారు. మూడూ 'అ' అక్షరానికే సరిపోయాయి. 1923లో, నలభై ఆరేళ్లకే ఆయన కన్నుమూశారు. "మిగతా 55 అక్షరాల సంగతేమిటి?" అని ఇప్పటికీ నిలదీసేవారున్నారు. నా మటుకు నాకు ఆ మూడు సంపుటాలతో తెలుగువాడి అవసరం పూర్తిగా తీరిందనే అనిపిస్తుంది. అద్భుతం, అమోఘం, అనవసరం, అర్థం కాలేదు... పుస్తకాల మీద మనం చెప్పే అభిప్రాయాలన్నీ 'అ'లోనే ఉన్నాయి కదా.

'హంసవింశతి' పేరెత్తితే గొంతు తగ్గుతుంది. "అదీ... ఆ టైపు కథలట కదా?" అయ్యలరాజు నారాయణామాత్యుడు రాసిన కావ్యం. మగడు ఊళ్లో లేని సమయంలో రాజు దగ్గరకు బయలుదేరిన ఆడమనిషిని హంస ఒకటి రాత్రికో కథ చెప్పి ఆపుతుంది. కథలు 'ఆ టైపు'వే, కాదనను. ఆ ఆశతోనే పుస్తకం ఇంటికి తెచ్చుకుని తలుపేసుకుని తెరిచిన పాఠకుడికి ఎదురయ్యేది ఏమిటంటే జాబితాలు. పిల్లల ఆటలు, పిండివంటలు, పనిముట్లు, చేతివృత్తుల సామగ్రి, సరుకులు. ఊపిరి తిరగనివ్వకుండా ఒకదాని వెంట ఒకటి. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ జాబితాలనే ఏరి తెచ్చి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మన ముత్తాతలు ఏం తిన్నారో, ఏం ఆడారో చెప్పారు. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. తలుపేసుకున్న పాఠకుడు మాత్రం ఒకే మాట రాశాడు, మార్జినులో, బాల్ పెన్నుతో: "మోసం."

మార్జిను అన్నాను కనుక ఒక మాట. మన శాఖా గ్రంథాలయాల్లోని పాత పుస్తకాల అంచులే తెలుగులో మిగిలిన ఏకైక స్వతంత్ర విమర్శ వేదిక. అక్కడ ఆవిష్కర్త లేడు, శాలువా లేదు. "37వ పేజీ చూడు" అని ఉంటుంది. 37లో "112 చూడు". 112లో "పనీపాటా లేదా నీకు?" ఏ పుస్తకాన్నైనా రెండువైపులా తిప్పించి పాఠకుణ్ణి ఆత్మవిమర్శ వైపు నడిపించిన ఇంత క్లుప్తమైన వ్యాఖ్యానం నేను విశ్వవిద్యాలయ సంచికల్లో చూడలేదు.

నాకు మహా ఇష్టమైన ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఈయన 1830 మే 18న బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంట దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో ఏ ఊళ్లో నీళ్లు ఎలాంటివి, బియ్యం దొరుకుతాయా, బోయీలు ఏమన్నారు, సుంకం ఎవరు వసూలు చేశారు, అన్నీ రాసుకున్నాడు. ఇలాంటి పుస్తకాన్ని తెలుగువాడు ఎలా చదువుతాడు? మొదటి పేజీ నుంచి అనుకుంటే మీకు మనవాళ్లు తెలియదన్నమాట. మా ఊరు ఏ పేజీలో ఉంది? అక్కడ తెరుస్తాడు. ఉంటే, గొప్ప గ్రంథం. ఊరి గురించి నాలుగు మంచి మాటలుంటే ప్రపంచస్థాయి గ్రంథం. నీళ్లు బాగాలేవని రాసి ఉంటే రచయిత నిష్పాక్షికత మీద అనుమానాలున్నాయి. దారి పక్క నుంచి పోయి ఊళ్లోకి రాకపోతే మా ప్రాంతానికి జరిగిన చారిత్రక అన్యాయం, దీని మీద ఒక సదస్సు. వీరాస్వామయ్య అదృష్టవంతుడు. 1836లోనే పోయాడు. పుస్తకం 1838లో అచ్చయింది. తన పుస్తకం మీద ఒక్క అభిప్రాయం కూడా వినకుండా తప్పించుకున్న తెలుగు రచయితలు ఆయనలా ఎందరున్నారు?

ఇక ఈ కాలపు పాఠకుడి అభిప్రాయం. ఏ అరుదైన పుస్తకం పేరెత్తినా, ఏ శతాబ్దానిదైనా, ఏ ప్రక్రియైనా వచ్చే స్పందన ఒక్కటే: "పీడీఎఫ్ ఉందా అండీ?" ఇది ప్రశ్నలా కనిపించే ప్రశంస. పంపితే వెంటనే రెండు చేతులూ జోడించిన బొమ్మ వస్తుంది. అక్కడితో ఆ పుస్తకానికీ ఆయనకూ రుణం తీరింది. మనవాళ్ల హార్డ్ డిస్కుల్లో ఇవాళ వేలకు వేల స్కాన్లు పడి ఉన్నాయి. కొన్నిటిలో పుట మీద స్కాన్ చేసినవారి బొటనవేలు కూడా పదిలంగా ఉంటుంది. ఆ వేలు ఒక్కటే ఆ పేజీని తాకిన చివరి మానవ అవయవం. పదిలపరచడం అంటే ఇదీ. ఎవరూ తెరవరు గనుక చెదలు పట్టవు, మడతలు పడవు, ముఖ్యంగా అభిప్రాయం మారదు.

కొత్తగా వచ్చి వెంటనే మరుగున పడే పుస్తకాల సంగతి వేరు. వాటికి అభిప్రాయాలు లోపలే కట్టి ఇస్తారు. ముందుమాట, ఆప్తవాక్యం, అభినందన, ఆశీస్సులు, మరో రెండు మాటలు, చివర నా మాట. అరవై పేజీల కవిత్వానికి ఇరవై రెండు పేజీల మన్ననలు. పాఠకుడు అవి చదివేసరికే కృతార్థుడై పుస్తకం మూసి, ఆ వాక్యాలనే ఫోన్ చేసి రచయితకు వినిపిస్తాడు. రచయిత ఉప్పొంగిపోతాడు. ఆ వాక్యాలు ఎవరివో ఇద్దరూ మర్చిపోతారు. పత్రికలవారు ఇంకా నిజాయితీపరులు, 'స్వీకారం' అని శీర్షిక పెట్టి పుటలు, వెల, ప్రతులకు చిరునామా వేసి ఊరుకుంటారు. ఆ మూడు వివరాల్లో తప్పులుండవు. విమర్శకు అంతకన్నా ఏం కావాలి?

అసలైన, కల్తీ లేని అభిప్రాయం చూడాలంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లాలి. దుకాణాలు మూసి ఉంటాయి, పుస్తకాలు పరిచి ఉంటాయి. మొన్న రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో ఆవిష్కరించిన సంపుటి, మొదటి పేజీలో "ఆత్మీయులు, సహృదయులు ఫలానా గారికి, గౌరవంతో" అన్న సంతకంతో సహా అక్కడ వెల్లకిలా పడుకుని ఉంటుంది. పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. సహృదయుల సమీక్ష అది, ఒక్క అక్షరం వాడకుండా. పుస్తకం ఎలా ఉందని ఆ అమ్మేవాణ్ణి అడిగితే చేత్తో బరువు చూసి చెప్పాడు. "కాగితం మంచిగుంది సార్. ముప్పై ఇయ్యి, తీస్కపో."

ఈ పరిస్థితుల్లో నాదొక ప్రతిపాదన. డిసెంబరులో హైదరాబాదులో, జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక ప్రదర్శనల్లో 'దొరకని పుస్తకాల స్టాలు' ఒకటి పెట్టాలి. అరలన్నీ ఖాళీగా ఉంటాయి. ఒక్కో అర కింద పేరు రాసిన చీటీ ఉంటుంది. సందర్శకులు వచ్చి, చూసి, నిట్టూర్చి, "దొరకదండీ" అని ఒకరితో ఒకరు చెప్పుకుని, ఖాళీ అర ముందు ఫోటో దిగి వెళ్లవచ్చు. బిల్లు కౌంటరు అక్కర్లేదు, పది శాతం తగ్గింపు మీద బేరాలు ఉండవు. పొరపాటున ఎవరైనా ఆ పుస్తకాల్లో ఒకదాన్ని పునర్ముద్రిస్తే ఆ చీటీ తక్షణం తొలగించబడుతుంది. ఆ పుస్తకం ఆ క్షణం నుంచి పక్క స్టాల్లో, అందరికీ అందుబాటులో, ఎవరికీ పట్టకుండా ఉంటుంది.

ప్రారంభ సభకు వక్తలు దాదాపు ఖరారయ్యారు, అభిప్రాయాలు ఇప్పటికే సిద్ధం చేసుకున్నారు. ఆ పుస్తకాలు నిజంగా చదివినవాళ్లు ఊళ్లో నలుగురైదుగురు ఉన్నారని, వాళ్లనూ పిలిస్తే బాగుంటుందని ఎవరో సూచించారు. కార్యవర్గం ఏకగ్రీవంగా తిరస్కరించింది. వాళ్లు మొదలుపెడితే పుస్తకంలో ఏముందో చెప్తారట. సభ ఆలస్యమైపోతుంది.