జోయిడ్‌బర్గ్ ఉత్త లాబ్‌స్టర్ కాదు

ఫ్యూచరామా అనే అమెరికన్ కార్టూన్ సిరీస్ చూసేవాళ్ళ మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది, నాకే ముగ్గురు నలుగురు పంపారు. అందులో ఉండే ఏలియన్ డాక్టర్ జోయిడ్‌బర్గ్ అంటే తెల్లకోటు తొడిగిన లాబ్‌స్టర్, అంతేనంట. లాబ్‌స్టర్లు ఏళ్ళ తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి, అలాంటిది ఆయన డెకాపోడియన్ జాతి ఒక్కసారి జతకట్టగానే చచ్చిపోతుందని పెట్టారు కాబట్టి రైటర్లకి బయాలజీ రాదంట, అసలు అలాంటి జాతి ఎక్కడా మనలేదంట. మిగతాదంతా స్టార్ ట్రెక్ అనే పాత అంతరిక్ష సీరియల్ కాపీ అంట. ఇక కల్చర్ అంటారా, చెత్తకుండీలో ఏరుకు తినడం తప్ప వాళ్ళకి ఇంకేం లేదంట. నాకు ఈ సిరీస్ అంటే ప్రాణం, అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందు లాబ్‌స్టర్ సంగతి. ఎర్రటి ఒళ్ళు, చేతులకి డెక్కలు, అవి చూసి లాబ్‌స్టర్ అనుకోవడంలో తప్పులేదు, వాళ్ళ జతకట్టే సీజన్ గురించి 2000లో వచ్చిన ఎపిసోడ్ పేరులోనే క్రస్టేషియన్ (రొయ్యలు, పీతల జాతి) అన్న మాట ఉంది. కానీ ఆయన మూతి చూడండి, కింద వేలాడేవి మీసాలు కాదు, స్క్విడ్‌కి ఉండేలాంటి టెంటకిల్స్. కంగారు పడితే సిరా చిమ్ముతాడు, ఏ లాబ్‌స్టర్ చిమ్ముతుంది చెప్పండి? రాస్‌వెల్ ఎపిసోడ్‌లో ఆయన్ని కోసి చూస్తారు కదా, అక్కడ తేలింది ఆయనకి నాలుగు గుండెలని. లాబ్‌స్టర్‌కి ఉండేది ఒక్కటే. ఆక్టోపస్‌కీ స్క్విడ్‌కీ మూడు. అంటే లోపలి లెక్క ఎటువైపు మొగ్గుతోందో చూడండి. ఇంకా ముఖ్యమైనది డెకాపోడియన్ అన్న ఆ జాతి పేరు. డెకాపాడ్ అంటే పది కాళ్ళది. రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు ఉండే గుంపు పేరు డెకాపోడా, సరే, కానీ స్క్విడ్, కటిల్‌ఫిష్ ఉండే గుంపుని కూడా డెకాపోడిఫార్మీస్ అనే అంటారు, వాటికీ పది చేతులు మరి. ఒకే పేరు అటూ ఇటూ సరిపోతుంది, ఈయన ఒళ్ళు కూడా సరిగ్గా అలాగే అటు సగం ఇటు సగం ఉంది.

ఇది ఒప్పుకుంటే రెండో ఆరోపణ దానంతటదే పడిపోతుంది. జతకట్టాక చచ్చిపోవడం లాబ్‌స్టర్ పద్ధతి కాదు, నిజమే. కానీ స్క్విడ్‌లలో ఆక్టోపస్‌లలో చాలా రకాల పద్ధతి అదే! ఆడ ఆక్టోపస్ గుడ్లు పెట్టి, తిండి మానేసి, వాటికి కాపలా కాస్తూ అలాగే కృశించి పోతుంది. 1977లో జెరోమ్ వోడిన్‌స్కీ అనే సైంటిస్టు గుడ్లు పెట్టిన ఆక్టోపస్‌ల కళ్ళ దగ్గరుండే ఆప్టిక్ గ్రంథుల్ని తీసేసి చూస్తే అవి గుడ్లని వదిలేసి మళ్ళీ తిండి మొదలుపెట్టి ఎక్కువకాలం బతికాయి. అంటే ఆ చావు యాక్సిడెంట్ కాదు, ఒంట్లోనే రాసిపెట్టి ఉంది. పసిఫిక్ సాల్మన్ చేపలు నదిలోకి ఎదురీది గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఆస్ట్రేలియాలో యాంటెకైనస్ అని ఎలుకంత జంతువు ఉంది, దాంట్లో మగవన్నీ రెండు మూడు వారాలు పిచ్చిపట్టినట్టు జతకట్టి, స్ట్రెస్ హార్మోన్ తట్టుకోలేక మూకుమ్మడిగా పోతాయి, ఆ సీజన్‌లో జోయిడ్‌బర్గ్ కోపంతో ఊగిపోవడం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. అంత దూరం ఎందుకు, మన పెరట్లో అరటి గెల వేశాక ఏమవుతుంది? ఆ మాను మళ్ళీ కాయదు, కొట్టేస్తాం, పక్కన పిలకలు లేస్తాయి. వెదురు కూడా పూసిందంటే దాని పని అయిపోయినట్టే. మళ్ళీ ఇంకో సీజన్ దాకా బతికే ఛాన్స్ తక్కువున్నప్పుడు ఉన్న శక్తంతా ఒక్కసారే పిల్లల మీద పెట్టేయడం లాభం, ఇది లెక్క ప్రకారం నడిచే వ్యవహారమే, మనలేని జాతి అని ఎలా అంటారు? మరి జోయిడ్‌బర్గ్‌కి మామ అయ్యే ఆ ముసలి హెరాల్డ్ జోయిడ్ అన్నేళ్ళు ఎలా బతికాడని ఎగతాళిగా అడిగారు ఒకరు. జతకట్టకపోతే బతుకుతారు కదండీ, సమాధానం ప్రశ్నలోనే ఉంది.

అన్నట్టు 2003లో అందరి వయసూ వెనక్కి వెళ్ళే ఎపిసోడ్ ఒకటి వచ్చింది, మిగతావాళ్ళు చిన్నపిల్లలవుతుంటే జోయిడ్‌బర్గ్ మాత్రం ఒకదానితో ఒకటి పోలిక లేని సముద్రజీవుల రూపాల్లోకి మారుతూ పోతాడు. అది అర్థంలేని జోక్ అనుకునేవాళ్ళు మన కోస్తాలో రొయ్యల హేచరీలో పనిచేసేవాళ్ళని అడగండి. గుడ్డులోంచి వచ్చాక రొయ్య మారే రూపాలు వరసగా నాప్లీ, తర్వాత జోయియా, తర్వాత మైసిస్, ఆ తర్వాతే పీఎల్, అంటే రొయ్యలా కనిపించే పిల్ల. ఆ నాప్లీని మైక్రోస్కోప్ కింద చూపిస్తే అది రొయ్య పిల్లేనని కొత్తవాళ్ళెవరూ చెప్పలేరు.

రైటర్లకి సైన్స్ రాదన్న మాటకి ఎక్కువ చెప్పక్కర్లేదు. షో నడిపిన డేవిడ్ ఎక్స్. కోహెన్ హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివాడు, తర్వాత బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్. కెన్ కీలర్ అప్లైడ్ మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ, బిల్ ఓడెన్‌కిర్క్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. వీళ్ళని పట్టుకుని చదువు రాదంటే బాధేస్తుంది.

స్టార్ ట్రెక్ విషయంలో మాత్రం సగం ఒప్పుకుంటాను. ఆ 2000 ఎపిసోడ్‌లో ఎడ్నా అనే డెకాపోడియన్ ఆడమనిషి కోసం కథానాయకుడు ఫ్రైకీ జోయిడ్‌బర్గ్‌కీ మధ్య జరిగే ద్వంద్వయుద్ధం (క్లా-ప్లాక్ అంటారు దాన్ని) 1967లో వచ్చిన ఒక స్టార్ ట్రెక్ ఎపిసోడ్‌ని గుర్తుచేసేలా కావాలనే తీశారు, దాచుకున్నదేం లేదు. కానీ ఏం మార్చారో చూడండి. అక్కడ వల్కన్‌లు అనే ఏలియన్స్ ఆ టైమ్ వచ్చినప్పుడు జతకట్టకపోతే చచ్చిపోతారు. ఇక్కడ జతకడితే చచ్చిపోతారు. కథ గుండెకాయనే తిరగేశారు, అందుకే జోయిడ్‌బర్గ్ ఒంటరిగా మిగిలినందుకు ఏడవాలో, ప్రాణం దక్కినందుకు సంతోషించాలో మనకి అర్థం కాదు. కాపీ కొట్టినవాడు ఇంత ఆలోచించడు. అసలు ఆ డాక్టర్ పాత్ర పుట్టిందే ఇలా తిరగేయడంలోంచి. స్టార్ ట్రెక్‌లో మనిషి డాక్టర్ ఏలియన్స్‌కి వైద్యం చేస్తాడు కదా, మరి ఏలియన్ డాక్టర్ చేతిలో మనుషులు పడితే ఎలా ఉంటుందన్నది కోహెన్ ఆలోచన. మనిషి ఒళ్ళు ఆయనకి అర్థం కాకపోవడం తెలివితక్కువతనం కాదు, నాలుగు గుండెలున్న ఆయనకి మనమే వింతజంతువులం.

చివరగా కల్చర్ లేదన్న మాట, నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. వాళ్ళ గ్రహం డెకాపాడ్ 10లో చక్రవర్తి ఉన్నాడు, జాతీయగీతం ఉంది, పరువు కోసం ప్రాణం తీసే ఆచారం ఉంది, భూమ్మీద వాళ్ళకి ఎంబసీ కూడా ఉంది. హెరాల్డ్ జోయిడ్ ఒకప్పుడు మూకీ హోలోగ్రాముల్లో పెద్ద స్టార్. 2002 ఎపిసోడ్‌లో జోయిడ్‌బర్గ్ స్వేచ్ఛా దినోత్సవం రోజు భూమి జెండాని తినేస్తాడు, ఇంత స్వేచ్ఛ ఉన్న దేశమని పొంగిపోయి చేసిన పని అది, ఎగతాళి కాదు. గొడవ ముదిరి డెకాపోడియన్లు వచ్చి భూమినే ఆక్రమించి మనుషుల్ని బానిసల్ని చేస్తారు. చెత్త ఏరుకునే జాతి చేసే పనేనా అది? అప్పుడు సొంత జాతికి ఎదురుతిరిగి, అదే జెండాని ఈసారి కాల్చి, ఆ మంటతో మిసైల్‌ని దారి మళ్ళించి భూమిని కాపాడింది ఆయనే.

మరి చెత్తకుండీ? అది జాతిది కాదు, ఆయనొక్కడిది. 2011లో వచ్చిన ఎపిసోడ్‌లో మామ్ అనే పెద్ద కంపెనీ యజమానురాలు ఆయన్ని సూటిగా అడుగుతుంది, నీ చదువుకి కోట్లు సంపాదించేవాడివి కదా, నీకు పని ఇచ్చిన ఈ ప్రొఫెసర్ దగ్గర ఇన్నేళ్ళు ఎందుకు పడి ఉన్నావని. దానికి జోయిడ్‌బర్గ్, ప్రొఫెసర్ నా స్నేహితుడు అంటాడు.