డోపమైన్ పెంచేది ఆనందాన్నా, ఆరాటాన్నా?

గంటసేపు రీల్స్ చూసి లేచినవాళ్ల మొహంలో సంతోషం పెద్దగా కనిపించదు. విసుగే ఉంటుంది. అయినా కాసేపటికే చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి పోతుంది. అంతగా నచ్చని పనికి ఇంత ఆత్రం ఎందుకు?

మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం అంటే ఆనందమే అనుకున్నంత కాలం దీనికి జవాబు దొరకదు. ఆ నమ్మకం ఈనాటిది కాదు. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టి, మీట నొక్కితే కాస్త కరెంటు అందేలా అమర్చారు. ఎలుకలు పదేపదే నొక్కుతూనే ఉన్నాయి. మెదడులో ఆనంద కేంద్రం దొరికిందనుకున్నారు. తర్వాత ఆ ఘనత డోపమైన్ ఖాతాలో పడింది.

మెదడు శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ బృందం దీన్ని తిరగదోడింది. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా ముట్టలేదు. ఎవరో ఒకరు తినిపిస్తే తప్ప బతకలేని స్థితి. అలాంటి ఎలుకల నోట్లో తీపి నీళ్లు వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే మూతి నాకుతూ చప్పరించాయి. రుచి తెలుస్తూనే ఉంది, దానికోసం కదలాలన్న కోరికే చచ్చిపోయింది. డోపమైన్ నడిపించేది ప్రధానంగా ఆ కోరికనే.

ఆ కోరిక ఎప్పుడు రగులుతుందో మరో శాస్త్రవేత్త వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. లైటు వెలిగాక పండ్లరసం చుక్క అందుతుంది. మొదట్లో రసం అందగానే మెదడులో డోపమైన్ విడుదల చేసే కణాలు స్పందించాయి. అలవాటయ్యాక లైటుకే స్పందించి, రసం వచ్చినప్పుడు ఊరుకున్నాయి. రావాల్సిన సమయానికి రసం రాకపోతే వాటి చురుకు మామూలు కంటే పడిపోయింది. అనుకున్నదానికీ అందినదానికీ ఉన్న తేడానే అవి లెక్కగడుతున్నాయన్నమాట. 2003లో ఆయన బృందం ఇంకో సంగతి చూపింది. రసం వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే, ఫలితం తేలేదాకా ఆ కణాల చురుకు అన్నిటికంటే ఎక్కువగా పెరుగుతూ పోయింది.

తర్వాతి వీడియో బాగుంటుందో లేదో తెలియనివ్వని ఫీడ్ ఈ అనిశ్చితి మీదే బతుకుతోంది. అందుకే పిల్లల్ని ‘నీకు కంట్రోల్ లేదు’ అని తిట్టడం అన్యాయం. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బున్న రోగుల్లో కొందరికి, డోపమైన్‌లా పనిచేసే మందులు వేసుకున్నాక జూదం పిచ్చి పట్టడం వైద్యులకు తెలిసిన విషయమే. వాళ్ల వ్యక్తిత్వం రాత్రికి రాత్రి చెడిపోయిందా? ఒకరోజు ఫోన్ లాంటివి మానేసే ‘డోపమైన్ డీటాక్స్’ చేసి మర్నాడు అదే ఫోన్, అవే మోతలు అంటే లాభం లేదు. ఆశ రేపే సంకేతాలే తగ్గాలి. నోటిఫికేషన్లు, ఆటోప్లే మొదటి నుంచీ ఆఫ్‌లో ఉండాలి, కావాలన్నవాళ్లే ఆన్ చేసుకోవాలి. యాప్‌లు తయారుచేసేవాళ్లు తమంతట తాము ఆ పని చేయకపోతే ప్రభుత్వాలు చట్టం తేవాలి.