ఒకే గుల్ల పొడిని మూడుసార్లు కొలిస్తే మూడు శాంపిళ్లా?

"గుల్లలు, నీళ్ల ఐసోటోప్ పరీక్షకు శాంపిల్ లెక్క ఇంతే" అనే మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది నాలుగోసారి. (ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. గుల్లలో, నీళ్లలో వాటి పాళ్లు పోల్చి, గుల్ల పెరిగిన నీళ్ల ఉష్ణోగ్రత లెక్కగడతారు.) పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

గుల్ల పొడి 100 గ్రాములు కావాలట. ఆ పాళ్లు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఒక రీడింగుకు 100 మైక్రోగ్రాములుంటే సరిపోతుంది. ఆ లెక్కన 100 గ్రాములంటే పది లక్షల రీడింగులు. మిగిలింది గోడకు సున్నం వేయడానికేమో.

నీళ్లు లీటరు కావాలట. ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులకు 2 మిల్లీలీటర్ల వయల్ చాలు. ట్రిటియంకైతే (అది రేడియోధార్మిక హైడ్రోజన్) లీటరు అడగడం న్యాయమే, ఎవరో రెండూ కలిపేసినట్టున్నారు. సీసా చిన్నదైనా మూతదాకా నింపాలి. సగం నింపి, మూత వదులుగా పెడితే తేలిక నీళ్లు ముందు ఆవిరై బరువైనవి మిగులుతాయి. నీళ్లలో బరువైన ఆక్సిజన్-18 పాలు ఒక్క పర్ మిల్ (వెయ్యిలో ఒక వంతు) పెరిగినా లెక్కలో ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు ఎక్కువ వస్తుంది.

నాకు ఒళ్లు మండేది మూడో పాయింటుకే. "ఒక గుల్లను నూరి, పొడిని మూడు భాగాలు చేసి కొలిస్తే మూడు శాంపిళ్లు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలియదా?" తెలుస్తుంది స్వామీ, ఆ మెతుకులన్నీ ఒకే కుండలో ఒకే నీళ్లలో ఉడికాయి కాబట్టి! పులికాట్ సరస్సులో సముద్రపు మొగ దగ్గరి గుల్ల, కాళంగి నది కలిసేచోటి గుల్ల ఒకే నీళ్లలో పెరిగాయా? అంతెందుకు, ఒక్క గుల్లలోనే వానాకాలం ఎదుగుదల గీత ఒకటి, ఎండాకాలం గీత ఇంకొకటి. నూరితే రెండూ కలిసిపోతాయి. మూడు రీడింగులూ 0.1 పర్ మిల్ లోపు కలిశాయంటే మెషిన్ బాగుందని అర్థం, సరస్సు గురించి ఏమీ తెలిసినట్టు కాదు. మెషిన్‌కు ఎంతో అభినందనలు!

మరి ఎన్ని గుల్లలు? ముందు ఐదారు విడివిడిగా కొలిచి, వాటి మధ్య తేడా ఎంతుందో చూడాలి. సగటులో పొరపాటు సగానికి తగ్గాలంటే నాలుగు రెట్లు గుల్లలు కావాలి. రుతువుల తేడా కావాలంటే మాత్రం ఒకే గుల్లను కీలు నుంచి అంచుదాకా గీత గీతకూ సన్నగా డ్రిల్ చేయాలి. అది వేరే ప్రశ్న.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నా మొదటి ప్రాజెక్టులో నేనూ ఇదే చేశాను. ఒక్క గుల్ల, మూడు రీడింగులు, ముద్దొచ్చేంత చిన్న ఎర్రర్ బార్ (పొరపాటు ఎంతుండొచ్చో చూపే గీత). ఎవరూ పట్టుకోలేదు.

ఆ మెసేజ్‌లో చివరి మాట, "లేబుల్ పెన్సిల్‌తో రాయండి", అది మాత్రం నిజం. ఐస్‌బాక్సు తడికి మార్కర్ రాత చెరిగిపోయిన సీసాలు నా ఫ్రిజ్‌లో ఇంకా ఏడున్నాయి. ఏది ఎక్కడిదో నాకే తెలియదు.