దయచేసి నిశ్శబ్దం పాటించండి

మొన్న శనివారం పాత కంప్యూటర్ల ప్రదర్శనలో నా బల్ల దగ్గర ఏమి జరిగిందో, చూసినవాళ్లు తలా ఒక రకంగా చెప్పుకోకముందే నేనే రాసిపెట్టడం మేలనిపించింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో కొందరు పెరట్లో ఆనపపాదులు పెంచుతారు, కొందరు షేర్లు కొని అమ్ముతారు. నేను మాత్రం ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటరును గ్యారేజీలో పెట్టుకుని బాగుచేసుకుంటూ ఉంటాను. 1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 1795 డాలర్ల ధరతో జనం ముందుకు వచ్చిన ఈ యంత్రం బరువు సుమారు 11 కిలోలు. దీన్ని చేత పట్టుకుని ఎక్కడికైనా వెళ్లవచ్చునన్నది అప్పటి గొప్ప, కాని ఎవరి చేత పట్టించాలన్నది ఎవరూ చెప్పలేదు. తెర 5 అంగుళాలు, వరుసకు 52 అక్షరాలు, మెమరీ 64 కిలోబైట్లు.

ఈ యంత్రం చేత పాతకాలపు పద్ధతిలో ఫోను చేయించి, పక్క వరుసలో ఉన్న మరొక పాత కంప్యూటరు నుంచి ఒక చిన్న ఫైలు తెప్పించడమే నేను తలపెట్టిన ప్రదర్శన. ఫైలులో గోంగూర పచ్చడి చేసే విధానం ఇంగ్లీషులో రాసి ఉంచాను, ఆ సంగతి బల్ల మీద పెట్టిన కాగితంలో చూపరులకు తెలియజేశాను కూడా. అయితే అంతకుముందే నిర్వాహకులకు ఒక దరఖాస్తు పంపవలసి వచ్చింది. అందులో "చూపరులకు కనిపించేది" అని ఒక గడి, "చూపరులకు వినిపించేది" అని ఒక గడి ఉన్నాయి. రెండో గడిలో "ఏమీ లేదు" అని నిజాయితీగా రాసినందుకు దరఖాస్తు తిరుగు టపాలో వచ్చేసింది. కదలనిదీ మోగనిదీ అయిన వస్తువు దగ్గర జనం నిలబడరనీ, ఆస్‌బోర్న్ యంత్రంలో ఒక గంట ఉన్నట్టు తమ దృష్టికి వచ్చిందనీ, కాబట్టి ఏదైనా జరిగినప్పుడు దాన్ని మోగించే ఏర్పాటు చేయవలసిందనీ కార్యదర్శిగారు రాశారు. ఏది జరిగినప్పుడో మాత్రం రాయలేదు. కార్యదర్శులు అలాంటివి రాయరు.

కంప్యూటరు అక్షరాలను ఫోనులో వెళ్లే స్వరాలుగా మార్చే సాధనం మోడెము. దాన్ని నడిపే ప్రోగ్రాము సంగతి కొంత చెప్పకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్ 1977లో సీపీ/ఎమ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్ల కోసం ఒక మోడెము ప్రోగ్రామును రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మరుసటి సంవత్సరమే ఆయన, ర్యాండీ స్యూస్ కలిసి ఫోను ద్వారా అందుబాటులో ఉండే మొదటి బులెటిన్ బోర్డును, అంటే సందేశాలు రాసిపెట్టి చదువుకునే కంప్యూటరు నోటీసు బోర్డును, నడిపారు. ఆ ప్రోగ్రామును తరువాతివాళ్లు పెంచుతూ పోయారు, చివరకు ప్రధాన భాగమంతా ఒక ఫైలుగాను, ఒక్కొక్క కంప్యూటరుకు సరిపడే చిన్న ముక్క ఓవర్‌లే అనే మరొక ఫైలుగాను విడిపోయాయి. మన యంత్రంలో మోడెమును తగిలించే సీరియల్ పోర్టు ఎక్కడుందో, అక్షరం వచ్చిందని ఎలా తెలుస్తుందో ఆ చిన్న ముక్కలో రాసి, డీడీటీ అనే సాధనంతో రెండింటినీ మెమరీలో అతికి, సేవ్ చేసుకోవాలి. చాలా యంత్రాలకు ఇది మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే సాయంత్రం కాఫీ వేళకు తెమిలిపోయే పని.

ఆస్‌బోర్న్‌తో అలా కుదరదు. 64 కిలోబైట్లనూ ప్రోగ్రాములకే వదిలిపెట్టాలన్న సదుద్దేశంతో దీన్ని రూపొందించిన లీ ఫెల్సెన్‌స్టైన్, చెరగని ప్రోగ్రాములుండే రోమ్‌నూ, కీబోర్డు, సీరియల్ పోర్టు వంటి పరికరాలనూ మెమరీలోని మొదటి 16 కిలోబైట్ల వెనక, తెర చాటున ఉన్నట్టుగా అమర్చారు. సీరియల్ చిప్పును పలకరించాలంటే ముందు మొదటి 16 కిలోబైట్ల మెమరీని పక్కకు తప్పించి, ఆ చోటికి రోమ్‌నూ పరికరాలనూ రప్పించాలి, పని కాగానే మళ్లీ యథాస్థానానికి మార్చాలి. సీపీ/ఎమ్‌లో ప్రోగ్రాములు మెమరీ మొదట్లోనే మొదలవుతాయి, ఓవర్‌లే కూడా అక్కడే ఉంటుంది. అంటే మెమరీని తప్పించమని ఆజ్ఞ ఇచ్చే కోడు, ఆ ఆజ్ఞ అమలైన మరుక్షణం తానే మాయమైపోతుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. జెడ్80 ప్రాసెసరుకు తరువాతి ఆజ్ఞ స్థానంలో రోమ్‌లోని ఏ వాక్యం ముక్కో ఎదురవుతుంది, అది దాన్నే శిరసావహించి ఎటో వెళ్లిపోతుంది. దీనికి విరుగుడు ఏమిటంటే, మార్పిడి చేసే నాలుగు ఆజ్ఞలనూ 16 కిలోబైట్ల గీత దాటిన పైభాగంలోకి ముందే నకలు చేసి, ప్రాసెసరును నడుమలో వేరే పనికి లాగే ఇంటరప్టులను ఆపి, అక్కడి నుంచి నడపడం. నేను ఆ పని చేశాను. నడుమ మా ఆవిడ గ్యారేజీలోకి తొంగి చూసి, "ఆ పెట్టె చేత ఫోను చేయించడానికి ఇంత తాపత్రయపడుతున్నారు, మా అమ్మకు మీరు ఫోను చేసి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగిన విషయం ఇక్కడ అప్రస్తుతం.

ఇక గంట. ఫైలు 128 అక్షరాల పొట్లాలుగా వస్తుంది. ఒక్కొక్క పొట్లానికి ముందు ఒక గుర్తు, పొట్లం సంఖ్య, ఆ సంఖ్యను తలకిందులు చేసిన రూపం ఉంటాయి, చివర మొత్తం అక్షరాల కూడిక ఉంటుంది. కూడిక సరిపోతే అందుకునే యంత్రం "ముట్టింది" అనే అర్థంలో 6వ సంకేతాన్ని, సరిపోకపోతే "ముట్టలేదు, మళ్లీ పంపు" అనే అర్థంలో 21వ సంకేతాన్ని పంపుతుంది. 300 బాడ్ వేగంలో సెకనుకు 30 అక్షరాలే వస్తాయి కాబట్టి ఒక్కొక్క పొట్లానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. పొట్లం అందినప్పుడల్లా గంట మోగిస్తే అది గుడిలో హారతిగా మారుతుంది. అందుచేత అరుదుగా జరిగేది ఏదో ఆలోచించి, పొట్లం చెడిపోయి మళ్లీ అడిగే చోట, ఆ అడిగే ముందు, గంట మోగించే 7వ సంకేతాన్ని తెరకు పంపే ఆజ్ఞలు ఇరికించాను. ఇంట్లో రెండు యంత్రాలను తీగతో కలిపి చూస్తే అసలు చెడిపోతేనే కదా, గంట ఊసే లేదు. కార్యదర్శిగారి తృప్తి కోసం ఒకసారి తీగ పీకి మోగించి, వినిపించిందని ఉత్తరం రాశాను. ఆయన "బాగున్నది" అని బదులిచ్చారు.

శనివారం హాలులో బల్ల ఇచ్చారు. నెత్తిమీదే లౌడ్‌స్పీకరు ఉంది. మిగతా ఏర్పాట్ల గురించి రాయడం దండుగ.

తీగ బదులు అక్కడ అకౌస్టిక్ కప్లర్ వాడాను. ఫోను రిసీవరును బోర్లించి రెండు రబ్బరు దొప్పల్లో కూర్చోబెట్టే పాతకాలపు సాధనం అది. ఒక దొప్ప వింటుంది, రెండోది కూస్తుంది. అవతలి యంత్రం 2025, 2225 హెర్ట్జ్ స్వరాల్లో పలుకుతుంది, మనది 1070, 1270 హెర్ట్జ్ స్వరాల్లో బదులు చెబుతుంది. పోర్టు కేబులు పొట్టిది కావడంతో కప్లర్ కంప్యూటరుకు ఆనుకునే ఉంది. ముప్పైమంది దాకా చుట్టూ చేరారు. తెర 5 అంగుళాలు కాబట్టి ముందు వరుసలో నిలబడ్డ ఒక పదేళ్ల కుర్రవాడు, ఎవరూ అడగకుండానే, తెర మీది సంఖ్యలను వెనకవాళ్ల కోసం గట్టిగా చదవసాగాడు. తొమ్మిదో పొట్లం వరకు అన్నీ సక్రమంగా వచ్చాయి. పదో పొట్లం మధ్యలో నెత్తిమీది లౌడ్‌స్పీకరు, నీలంరంగు కారు దీపాలు ఆర్పకుండా వచ్చేసినవారెవరో వెళ్లి ఆర్పుకోవలసిందని గర్జించింది. కూడిక తప్పింది. గంట మోగింది.

జనం చప్పట్లు కొట్టారు.

గంట మోగితే మంచి జరిగినట్టు అనుకోవడం మానవ స్వభావం. పరీక్ష పాసైతే గంట, లాటరీ తగిలితే గంట, దేవుడు కళ్లు తెరిస్తే గంట. ప్రమాదానికి వాడేది సైరను. ఈ తేడా గమనించకుండా "ఏదైనా జరిగినప్పుడు గంట" అని ఆదేశించిన మహానుభావుడు ఆ సమయంలో కాఫీ బల్ల దగ్గర ఉన్నాడు. ఇక్కడ యంత్రం "ముట్టలేదు" అని 21వ సంకేతాన్ని కూయబోతున్న క్షణంలోనే గంట దాని పక్కనే మోగుతున్నది, చప్పట్లు పైనుంచి కురుస్తున్నాయి. రబ్బరు దొప్ప ఈ మూడింటినీ కలిపి అవతలికి పంపింది. అవతలి యంత్రానికి వినబడింది ముట్టిందనీ కాదు, ముట్టలేదనీ కాదు. ఆ యంత్రంలోని ప్రోగ్రాము, క్రిస్టెన్‌సెన్ తన వివరణలో సలహా ఇచ్చినట్టు, బాధ్యతనంతా అందుకునేవారికే వదిలి, స్పష్టమైన మాట వినబడేదాకా కదలని రకం. అది కదలలేదు. మాది పది సెకన్లు ఎదురుచూసి, ఏమీ రాకపోవడంతో అదీ తప్పు కిందే లెక్కవేసి, మర్యాదగా గంట మోగించి, ఆ మోతలోనే మళ్లీ అడిగింది.

"రెండో తప్పు," అన్నాడు కుర్రవాడు ఆనందంగా. చప్పట్లు.

నేను చేతులు జోడించి, కాసేపు చప్పుడు చేయవద్దని వేడుకున్నాను. జనం చాలా సంస్కారవంతులు, వెంటనే నోళ్లు మూసుకున్నారు. ఒక పెద్దావిడ చేతిసంచిలోని చిప్సు పొట్లాన్ని, అది గలగలమంటుందేమోనన్న భయంతో, రెండు చేతులతో నిద్రపోతున్న పసిపాపను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది. అంత నిశ్శబ్దంలో పది సెకన్లు గడిచాయి. గంట మోగింది. నేను స్వెట్టరు విప్పి కప్లర్ మీద కప్పాను. ఆజ్ఞలు ఇరికించిన చోటును అక్కడే సవరించడానికి ప్రోగ్రామును ఆపాలి, ఆపితే ఫైలు పోతుంది, ఆపకపోతే గంట ఆగదు. ఇంతలో పసుపు చొక్కా కార్యకర్త ఒకాయన వచ్చి సంగతేమిటని చెవిలో అడిగాడు. నిశ్శబ్దం కావాలని చెవిలోనే చెప్పాను. ఆయన అర్థమైందన్నట్టు తలపంకించి, పరుగున మైకు దగ్గరికి వెళ్లి, లౌడ్‌స్పీకరులో, "14వ నంబరు బల్ల దగ్గర సున్నితమైన ప్రయోగం జరుగుతున్నది, దయచేసి అందరూ నిశ్శబ్దం పాటించండి" అని హాలు దద్దరిల్లేలా ప్రకటించాడు. ప్రకటన విని, అంతవరకు ఇతర బల్లల దగ్గర ఉన్నవాళ్లు కూడా ఆ ప్రయోగం ఏమిటో చూద్దామని మా వైపు నడిచి వచ్చారు.

ఈ యంత్రాన్ని అమ్మిన ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యం గడిచింది అరుణాచలంలో. ఆయన తండ్రి రమణ మహర్షి భక్తుడు. మాట్లాడకుండానే ఉపదేశం చేసిన మహర్షి నీడలో పెరిగినవాడి కంప్యూటరు ఉపదేశం అందుకోవడానికి మౌనాన్నే కోరుకోవడం సహజమేనని, ఆ బల్ల దగ్గర స్వెట్టరు లేకుండా నిలబడ్డ నాకు తోచింది. గిరిప్రదక్షిణకు వెళ్లి వచ్చిన మా బావమరిదికి ఈ మాట చెబితే నవ్వుతాడో, తిడతాడో అనుకుంటూ ఉండగానే గంట మళ్లీ మోగింది. ఈసారి చప్పట్లు లేవు. గంట వినబడగానే కొత్తగా వచ్చినవాళ్లు చప్పట్లకు చేతులెత్తారు, పాతవాళ్లు "ష్ష్" అని వారించారు. ముప్పైమంది ఒక్కసారి "ష్ష్" అంటే అది చప్పట్లకంటే ఎక్కువ దూరం వినబడుతుంది. అంతటి మోత రబ్బరు దొప్పలోకి వెళ్లకుండా స్వెట్టరు ఏం ఆపగలదు? కార్యకర్త మైకు దగ్గరి నుంచి బొటనవేలు ఎత్తి చూపి, ఫలితం కనిపించలేదేమోనని అదే ప్రకటనను ఇంకొంచెం గట్టిగా చదివాడు.

పది తప్పులు వరసగా వస్తే ఈ ప్రోగ్రాము ప్రయత్నం మానుకుంటుంది. "పది!" అని కుర్రవాడు అరిచాడు. యంత్రం ఆఖరి గంట మోగించి ఊరుకుంది. నేను వద్దనలేదు కాబట్టి జనం ఈసారి మనస్ఫూర్తిగా, చాలాసేపు చప్పట్లు కొట్టారు. పెద్దావిడ చిప్సు పొట్లం విప్పింది.

నిన్న సాయంత్రం కార్యదర్శిగారి నుంచి ఉత్తరం వచ్చింది. 14వ నంబరు బల్ల నుంచి అనవసరమైన శబ్దం వచ్చినట్టు ఇరుగుపొరుగు బల్లలవారు ఫిర్యాదు చేశారనీ, జతపరచిన పత్రంలో వివరణ రాసి పంపాలనీ సారాంశం. పత్రంలో "శబ్దం అవసరమైనదా, అనవసరమైనదా" అని రెండు గళ్లు ఉన్నాయి, వివరణకు చోటు లేదు. ఆ రెండింటినీ ఖాళీగా వదిలి, వెనకవైపు గోంగూర పచ్చడి విధానాన్ని మొదటినుంచి పోపు వరకు రాసి పంపాను, ఎందుకంటే అది తమకు అందలేదని చూపరుల్లో నలుగురు అదే కార్యాలయానికి ఫిర్యాదు చేశారట.