సవరణ: బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత అంబలి చాలుతుందా?

శ్రీకాకుళం ఇళ్లలో కాచే చోడి (రాగి) అంబలి ఆపరేషన్ అయినవారికి మంచి ఆహారమని గత వ్యాసంలో రాసిన మాటను, అంబలి ఒక్కటే చాలునన్న అర్థంలో తీసుకోవద్దని మనవి. ద్రవాహారం తీసుకునే తొలి రోజుల్లో, వైద్యులు సరేనంటే, అది పనికొస్తుంది. కానీ 100 గ్రాముల చోడిపిండిలో ఉండే మాంసకృత్తులు సుమారు 7 గ్రాములే, గ్లాసుడు అంబలికి పట్టే పిండి అందులో చిన్న భాగమే. ఈ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా కుదించాక రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందుకే మజ్జిగ, పలుచని పప్పుకట్టు, తర్వాతి వారాల్లో మెత్తగా ఉడికిన గుడ్డు, చేప ముందు తినాలి, అన్నం ఆఖరున.

ఈ శస్త్రచికిత్స చేయాలంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చూపే సూచిక) 40 దాటాలి, లేదా మధుమేహం వంటి జబ్బుంటే 35 ఉండాలి అన్నది 1991 నాటి ప్రమాణం. 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియా వారికి 27.5 నుంచే ఈ చికిత్సను పరిశీలించవచ్చన్నాయి.

కార్తీక సోమవారాల్లో నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఈ రోగులకు ప్రమాదకరం, ఎందుకంటే ఒక్కసారిగా ఎక్కువ నీరు తాగి లోటు పూడ్చుకునే వీలు వారికుండదు. పెళ్లి పంక్తిలో "ఇంకొక్క ముద్ద తినమ్మా" అని ఆప్యాయంగా బలవంతపెట్టినా వాంతి అవుతుంది కనుక, ఆ సంగతి రోగితోపాటు వడ్డించే అత్తగారికీ, వదినకీ ఆపరేషన్‌కు ముందే వైద్యులు వివరించాలి.