చార్టర్ స్కూళ్ల కాపలా ఎవరి చేతిలో ఉంది?

కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్లు స్కూళ్ల గురించి మాట్లాడితే రేటింగులు, ఇంటి అద్దెల దగ్గరే ఆగిపోతాం. స్కూలు లెక్కలు ఎవరు చూస్తారని అడిగేవాళ్లు తక్కువ. చార్టర్ స్కూళ్ల విషయంలో మాత్రం అడిగి తీరాలి.

చార్టర్ స్కూలు నడిచేది ప్రభుత్వ డబ్బుతోనే, పిల్లలకు ఫీజు ఉండదు. నడిపేది మాత్రం వేరే సంస్థ. సాధారణంగా స్థానిక స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ, దానికి అనుమతిచ్చి, పర్యవేక్షిస్తుంది. ఆ పనికి స్కూలు ఆదాయంలో మామూలుగా 1 శాతం వరకు తీసుకోవచ్చు. నా గొడవంతా ఈ ఒక్క శాతం గురించే.

2019 మేలో శాన్ డియాగోలో ఏ3 ఎడ్యుకేషన్ కేసు బయటపడింది. అది ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ల నెట్‌వర్క్. వేసవి స్పోర్ట్స్ టీముల్లో ఆడుకునే పిల్లల పేర్లు సేకరించి, స్కూల్లో చేరినట్టు చూపించారు. పాఠం లేదు, టీచర్ లేదు, డబ్బు మాత్రం వచ్చింది. రాష్ట్రం నుంచి ఈ స్కూళ్లకు చేరింది దాదాపు 40 కోట్ల డాలర్లు! 11 మందిపై కేసు పెట్టారు. 2021లో ప్రధాన నిందితులిద్దరూ నేరం ఒప్పుకున్నారు.

వీళ్ల స్కూళ్లకు అనుమతిచ్చిన వాటిలో డెహెసా అనే బుల్లి డిస్ట్రిక్టు ఒకటి. దాని సొంత పిల్లలు నూట యాభై మంది ఉంటారేమో. అంత చిన్న ఆఫీసు వేలమంది ఆన్‌లైన్ పిల్లల అటెండెన్స్ ఎలా సరిచూస్తుంది? పైగా పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ దానికొచ్చే ఆ ఒక్క శాతం ఫీజూ పెరుగుతుంది. ఆ డిస్ట్రిక్టు సూపరింటెండెంట్ పేరు కూడా నిందితుల్లో ఉంది. తప్పు పట్టుకుంటే తన ఆదాయమే పోతుందంటే ఎవరు పట్టుకుంటారు చెప్పండి?

2019లోనే ఏబీ 1505 చట్టం తెచ్చి, కొత్త ఆన్‌లైన్ తరహా చార్టర్లను తాత్కాలికంగా ఆపారు. మంచిదే, కానీ పాత స్కూళ్లను చూసే పద్ధతి మారాలి కదా. 2025లో ఎస్‌బీ 414 బిల్లు విద్యా నిధుల మోసాల మీద విచారణకు ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉండాలంది. సభలు పాస్ చేశాయి. గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది. బిల్లులో లోపాలుంటే దిద్దాలి, ఇంకెన్నేళ్లు ఆగుతాం?

బాగా నడిచే చార్టర్లు చాలానే ఉన్నాయి. మామూలు స్కూల్లో ఇమడలేని పిల్లలకు అవి నిజంగా ఆసరా. ఇలాంటి కేసుల వల్ల చెడ్డపేరు మోసేదీ అవే.

చిన్న డిస్ట్రిక్టు తన స్థాయికి మించి చార్టర్లను తీసుకోకుండా పరిమితి పెట్టాలి. ఆడిట్ చేసేవాళ్లకు ఆ ఫీజుతో సంబంధం ఉండకూడదు. మీ అసెంబ్లీ సభ్యుడి ఆఫీసుకు ఈ రెండూ రాసి పంపండి. మీ పిల్లలు చార్టర్‌లో చదువుతుంటే, దానికి అనుమతిచ్చింది ఏ డిస్ట్రిక్టో ఈ వారమే స్కూల్‌ని అడగండి.